పండ్లక్క తీసిన ఫొటో

నిచ్చెన గురించి అడిగేవాళ్ళకు

ఈ పనిలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు జగిత్యాలలోని మా ఇంటికి వస్తుంటారు. నిచ్చెన ఎంత పొడుగు కొనాలి, చిక్కం కర్రకు ఎట్లా కట్టాలి, సపోటా ముదిరిందో లేదో ఎట్లా తెలుస్తుంది అని అడుగుతారు. సపోటా తొక్కను గోరుతో కొంచెం గీరి చూడండి. కింద ఆకుపచ్చగా ఉంటే చెట్టుకే వదిలేయండి, పసుపు తిరిగితే తెంపండి. అంతే. ఇది చెప్పడానికి నా వంటి ముసలిది అక్కర్లేదు, ఏ తోటమాలి అయినా చెబుతాడు. నేను చెప్పాల్సింది వేరే ఉంది, దాన్ని వాళ్ళు అడగరు. అడగకపోయినా చెప్పే అలవాటు నాకు మొదటి నుంచీ ఉంది కాబట్టి రాస్తున్నాను.

నా ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి, ఎందుకంటే నేను రిటైరయ్యేదాకా మా అన్నకే అది అర్థం కాలేదు. జగిత్యాలలో ఒక వకీలు గారు తన పాత ఇంటి ముందు గదుల్లో చిన్న సంస్థ పెట్టారు. ఇళ్ళ పెరళ్ళలో కాసి, తినేవాళ్ళు లేక రాలిపోయే పండ్లను అడిగి తెచ్చి, కొనుక్కోలేని వాళ్ళకు ఇవ్వడం దాని పని. జీతం తీసుకుని ఆ పని చేసింది నేను. డిగ్రీ చదివిన మా చెల్లెకు పండ్లు అడుక్కునే నౌకరి దొరికిందని మా అన్న పెండ్లిళ్ళలో చెప్పి నవ్వేవాడు. జనం మాత్రం నాకు మంచి పేరే పెట్టారు, పండ్లక్క అని.

మంగళవారం కోరుట్ల దిక్కు, గురువారం సిరిసిల్ల దిక్కు. కోరుట్ల చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో మగవాళ్ళు గల్ఫ్‌లో ఉంటారు. సెలవుకు వచ్చినప్పుడు ఇల్లు కట్టి, వెనక నాలుగు చెట్లు నాటి పోతారు. చెట్లు కాస్తాయి, ఎక్కి తెంపేవాళ్ళు ఉండరు. గబ్బిలాలు తిన్నన్ని తింటాయి, మిగిలినవి కింద పడి ఈగలు ముసురుతాయి. సిరిసిల్ల, తంగళ్ళపల్లి దిక్కేమో మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళ కిరాయి గదులు. అక్కడ జ్వరమొస్తే తప్ప ఇంట్లోకి పండు రాదు. ఈ రెండింటి మధ్య ఒక ట్రాలీ ఆటో నడిపిస్తే చాలు, పని అయిపోతుందనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

గేటు తెరిచే ఉంచాలి

మొదటి నెలలోనే ఒక తప్పు చేశాను. కోరుట్లలో ఒక ఇంట్లో దానిమ్మ విరగకాసింది. ఎన్ని పెట్టెలు తేవాలో తెలియాలని చెట్టు కింద నిలబడి, వేలు చూపిస్తూ, పైకే లెక్కపెట్టాను. ఆ ఇంటావిడ ముఖం మాడిపోయింది. నేను గేటు దాటగానే ఉప్పు, మిరపకాయలతో చెట్టుకు దిష్టి తీసిందట. మరుసటి వారం పోతే గేటే తీయలేదు. కాసిన చెట్టును లెక్కపెట్టకూడదని మా నాయనమ్మ నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో. చేతికి రిజిస్టరు రాగానే అంతా మరిచిపోయాను. అప్పటి నుంచి ఎంత కాసినా "చెట్టు చల్లగుండాలె" అని మాత్రమే అనేదాన్ని. పెట్టెలు నాలుగు ఎక్కువే తెచ్చుకునేదాన్ని.

రెండోది మగవాళ్ళ సంగతి. మొగుడు దుబాయిలో ఉన్న ఇంట్లోకి ఎవడో చెట్టెక్కేవాడు వచ్చిపోతుంటే వాడకట్టు ఊరుకుంటుందా? అందుకే ముందు నేను లోపలికి పోయి, ఆ ఇంటావిడతో కూర్చుని చాయ్ తాగి, ఆ తర్వాతే మల్లేశాన్ని పిలిచేదాన్ని. మా చెట్లన్నీ ఎక్కేది అతనే. అతను దిగి బయటికి పోయేదాకా గేటు రెండు రెక్కలూ తెరిచే ఉండాలి. కుక్కలు వచ్చినా సరే, కోళ్ళు పోయినా సరే. ఈ ఒక్క కట్టుబాటు వల్ల మాకు దొరికినన్ని చెట్లు ఏ కరపత్రం వల్లా దొరకలేదు.

మల్లేశం అసలు కల్లు గీసే మనిషి. తాటిచెట్టు ఎంత ఎత్తయినా చూస్తుండగానే ఎక్కేవాడు. కానీ తాటిచెట్టుకు కొమ్మలుండవు కదా. మొదటిసారి నేరేడు చెట్టెక్కి చిటారు కొమ్మ మీద కాలు పెట్టాడు, కొమ్మతో సహా పెంటకుప్ప మీద పడ్డాడు. ఆ కుప్ప లేకపోతే నడుము విరిగేది. లేచి ఒళ్ళు దులుపుకుని, ఇకనుంచి నేరేడు చెట్టు కింద దుప్పటి పట్టండి, నేను కింద నుంచే కర్రతో దులుపుతానన్నాడు. మీరూ అట్లాగే చేయండి.

ఎవరు ఏం తింటారు

పండు ఎవరికిచ్చినా సంతోషిస్తారని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఒకసారి ముసలివాళ్ళ ఆశ్రమానికి మూడు పెట్టెల జామకాయలు తీసుకుపోయాను, దోరవి, గట్టివి, చూడటానికి ముచ్చటైనవి. ఒక తాత ఒక కాయను చేతిలో తిప్పి తిప్పి చూసి, "గిది కొరకాల్నంటే నువ్వు పదేండ్ల కింద రావల్సింది బిడ్డా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, సిగ్గుతో పెట్టెలు మళ్ళీ ఆటోలో ఎక్కించుకున్నాను.

దగ్గున్న వాళ్ళకు సీతాఫలం ఇస్తే వద్దనరు. తీసుకుని, మనం మూల తిరగగానే పక్కింటి పిల్లలకు ఇచ్చేస్తారు, చలువ చేస్తుందని భయం. డాక్టరు తినొచ్చన్నా అత్త తినొద్దంటే అత్త మాటే నెగ్గుతుంది. వాదించి లాభం లేదు, వాళ్ళకు సపోటాలు తీసుకుపోండి.

ఇంకొకటి. మన దగ్గర పండ్లు పంచడం అంటే జనానికి ముందే తెలిసిన తతంగం ఒకటుంది. నాయకుని పుట్టినరోజు వస్తే పది మంది సర్కారు దవాఖానకు పోతారు. మంచం మీదున్న మనిషి చేతిలో రెండు అరటిపండ్లు, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు పెడతారు. పెట్టిన చెయ్యి వెంటనే తీయరు, ఫొటో పడేదాకా అట్లాగే పట్టుకుంటారు. కాన్పు వార్డులో ఒకామె నాతో చెప్పింది, ఫొటో కోసం లేచి కూర్చోమంటే లేచిందట, కుట్లు గుంజినాయట. మేము అట్లాంటివాళ్ళం కాదని నాకు ఎంత గర్వమో. వాళ్ళకన్నా పెద్ద తప్పు నువ్వే చేస్తావని అప్పుడెవరైనా అంటే పోట్లాటకు పోయేదాన్ని.

మస్కట్ నుంచి వచ్చిన మాట

కోరుట్ల దగ్గర పల్లెలో లత అనే ఆమె ఇంట్లో ఒక సపోటా చెట్టుంది. ఆమె భర్త గంగాధర్ మస్కట్‌లో డ్రైవరు. మొదటిసారి విమానమెక్కే ముందు ఆ చెట్టు నాటాడు. చెట్టు పెద్దదై కాపు పట్టింది, ఆయన సెలవు మాత్రం ఎప్పుడూ కాయ పిందెగా ఉన్నప్పుడే పడేది. లత మాకు అడిగినప్పుడల్లా రెండు పెట్టెలు ఇచ్చేది. ఒక మంగళవారం మేము తెంపుతుంటే ఆయన ఫోన్ చేశాడు. లత ఫోన్ నా చేతికిచ్చింది.

"అక్కా, ఆ చెట్టు పండు నేను ఒక్కటి తినలే ఇప్పటిదాక. తినేటోళ్ళనన్న ఒక్కసారి చూపియ్యరాదు" అన్నాడు.

ఆ మాటకు నా మనసు కరిగిపోయింది. మా వకీలు గారు కూడా ఎప్పటి నుంచో ఫొటోలు తెమ్మని వెంటపడుతున్నారు. ఇచ్చినవాళ్ళకు చూపించకపోతే రేపు ఎవరిస్తారని ఆయన వాదన. అది నాకూ సబబే అనిపించింది. సరే తమ్మీ, పంపుతా అన్నాను. టీబీ ఉన్నవాళ్ళకు పోతున్నాయని కూడా చెప్పాను. అది చెప్పాల్సిన అవసరం ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ వారం సపోటాలు తీసుకుపోయింది తంగళ్ళపల్లి దిక్కు ఒక ఊరికి, ఒక బీడీలు చుట్టే ఆమె ఇంటికి. ఆమెను భాగ్య అని రాస్తున్నాను. అసలు పేరు అది కాదు. ఒకసారి ఆమె పేరు ఊరంతటికీ తెలిసేలా చేసింది నేనే, రెండోసారి చేయను. భర్త మరమగ్గం మీద పనిచేస్తాడు. బిడ్డ ఆరో తరగతి. భాగ్య టీబీ మాత్రలు మొదలుపెట్టి రెండు నెలలైంది, దగ్గు తగ్గింది, ముఖంలో కొంచెం కళ వచ్చింది. మాత్రలేసుకుంటే కడుపులో తిప్పుతుందనేది, వెనక ఒక సపోటా తింటే ఆగుతుందనేది. ఆ రోగం సంగతి భర్తకు, బిడ్డకు, మందులిచ్చే ఆశా వర్కరుకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను పండ్లను బీడీ ఆకు తెచ్చుకునే సంచిలో పెట్టి లోపలికి తీసుకుపోయేదాన్ని, పక్కింటివాళ్ళకు అనుమానం రాకుండా.

ముఖం రాకుండా చేతులు మాత్రమే తీస్తానని అడిగాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించింది. "నువ్వు తీస్తే ఏమైతదక్కా" అని రెండు చేతులూ చాపింది. నాలుగు సపోటాలు దోసిట్లో పెట్టి తీశాను. ఫొటో మంచిగా వచ్చింది. పంపే ముందు రెండుసార్లు చూశాను కూడా. ముఖం లేదు కదా అని చూశానే కానీ, ఉన్నదేమిటో చూడలేదు. ఆమె కుడి ముంజేతి మీద, చిన్నప్పుడు వేములవాడ జాతరలో పొడిపించుకున్న పచ్చబొట్టు ఉంది. ఒక పువ్వు, దాని కింద ఆమె పేరు.

గంగాధర్ మురిసిపోయి ఆ ఫొటోను తమ కుటుంబం గ్రూపులో పెట్టాడు, మా చెట్టు పండ్లు టీబీ పేషెంట్లకు అని రాసి. ఆయన అక్కను ఇచ్చింది భాగ్య వాళ్ళ ఊరికే. రెండు రోజుల్లో ఆ ఫొటో ఊరి గ్రూపులోకి వచ్చింది.

మూసిన తలుపు

మరుసటి గురువారం పోతే తలుపు మూసి ఉంది. పక్కింటామె గోడ మీద నుంచి చూసి, ఆ ఇంట్లోకి పోవద్దని నాకే జాగ్రత్త చెప్పింది. బీడీ కార్ఖానాలో ఆకు, తంబాకు ఇచ్చే టేకేదారు భాగ్యకు ఆకు బంద్ చేశాడని, ఆమె చుట్టిన బీడీలు ఎవరు తాగుతారని అందరి ముందు అన్నాడని, ఆడవాళ్ళు తమ గంపలు ఆమె గంప పక్క నుంచి దూరం జరుపుకున్నారని ఆమె నోటి నుంచే విన్నాను. చెబుతున్నామె కూడా జరిపిన వాళ్ళల్లో ఒకతే.

చాలాసేపు తలుపు కొట్టాక భాగ్య కిటికీ దగ్గరికి వచ్చింది.

"ముఖం రాదన్నవు" అంది. "నా పేరు రాదనలే గదక్కా."

నేను తప్పయిందన్నాను. అది చాలదని అంటుండగానే తెలిసింది. మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాను. నాలుగు రోజుల నుంచి వేసుకోవడం లేదంది. దవాఖానకు పోతే లైన్లో చూస్తారు, ఆశా వర్కరు ఇంటికొస్తే వాడ చూస్తుంది. "మాత్రలు బంద్ చేసిన. మాత్రలు లేకుంటే రోగం లేనట్టే" అని కిటికీ మూసేసింది.

నేరుగా దవాఖానకు పోయి డాక్టరును కలిశాను. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సగంలో ఆపితే రోగం తిరగబడుతుంది, అప్పుడు ఈ మాత్రలు పనిచేయకపోవచ్చు. ఆమె పక్కన పడుకునే బిడ్డకూ ప్రమాదమే. నేను పండ్లు పంచబోయి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. ఇంకో మాటలో చెప్పలేను దాన్ని.

గంగాధర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. పాపం ఆయన వెంటనే ఫొటో తీసేశాడు, తీసేసినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అప్పటికి ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఎవరికి తెలుసు. సిరిసిల్లలో మా చిన్నమ్మ ఇల్లుంది. ఆ రాత్రే అక్కడ దిగాను. పొద్దున్నే మొదటి ఆటోకు భాగ్య ఊరికి పోవడం, తలుపు ముందు కూర్చోవడం, చీకటి పడితే తిరిగి రావడం. వకీలు గారు రెండోరోజే ఫోన్ చేశారు. కోరుట్లలో మామిడి ముదిరిపోతోంది, ఒక్క మనిషి కోసం అంత పని ఆపుతావా అన్నారు. ఆమెను ఈ కష్టంలో పెట్టింది మనమే సార్, ఆమె మాత్ర వేసుకునేదాకా నేను కోరుట్ల ముఖం చూడనన్నాను. ఉద్యోగం పోతే పోనీ అనే అన్నాను.

దొర మాట

మా వకీలు గారు మంచి మనిషి. నా మీద కోపం రెండు రోజులు కూడా నిలవలేదు. కానీ ఆయన పుట్టింది ఒక్క మాట అంటే పని జరిగే ఇంట్లో. వాళ్ళ తాత ఆ ప్రాంతంలో దొర. ఇప్పుడు దొరతనం లేదు, కోట లాంటి ఆ గడీ లేదు, అయినా ఆయన ఫోన్ చేస్తే అవతలివాడు లేచి నిలబడే మాట్లాడతాడు. నాకు దారి తోచక ఆయన్నే అడిగాను, టేకేదారుకు ఒక మాట చెప్పమని. భాగ్య విషయంలో ఇది నా రెండో తప్పు.

ఆయన చెప్పారు. మరునాడు పొద్దున్నే భాగ్య మొగునికి కబురొచ్చింది, ఆకు తీసుకుపొమ్మని. నేను ఉత్సాహంగా పోయి కిటికీ కొట్టాను. లోపల ఆకు కట్ట విప్పకుండా అట్లాగే ఉంది. టేకేదారు ఆకు ఇచ్చాడు కానీ కార్ఖానాకు ఆమె రావద్దు, మొగుడే రావాలన్నాడట. ఆమె బీడీలు విడిగా ఒక మూలన పెట్టిస్తానన్నాడట.

"దొర చెప్తే ఆకిచ్చిండు" అంది భాగ్య. "దొర చెప్తే ఎవ్వలన్న నా పక్కన కూసుంటరా అక్కా?"

ఆమెకు కావల్సింది ఆకు కాదని, పదిహేనేండ్లుగా ఏ ఆడవాళ్ళ పక్కన కూర్చుని, ఇంట్లో చుట్టిన బీడీలు జమచేసిందో వాళ్ళ పక్కన చోటని నాకు అప్పటిదాకా బుర్రకెక్కలేదు. అది పైనుంచి చెప్పి ఇప్పించేది కాదు. చెడగొట్టింది నేను, పెద్దమనిషి వెనక దాక్కుని సరిచేయించుకోవాలని చూశాను. మీలో ఎవరికైనా పెద్దల పలుకుబడి దగ్గరగా ఉంటే దాన్ని నిచ్చెన కొనడానికి వాడుకోండి, ఇట్లాంటి వాటికి వద్దు.

కార్ఖానాలో

మధ్యాహ్నం బీడీలు జమచేసే వేళకు కార్ఖానాకు పోయాను. ముప్పై నలభై మంది ఆడవాళ్ళు గంపలు ముందు పెట్టుకుని వరుసగా కూర్చున్నారు. టేకేదారు ఏం కావాలని అడిగితే నీతో పని లేదన్నాను. నిలబడి చెప్పాను. ఆ ఫొటో తీసింది నేను. ఆమె నన్ను నమ్మి చేతులు చాపింది, నేను మోసం చేశాను. మీరు కోపపడాల్సింది నా మీద. ఆమె రెండు నెలలు మాత్రలు వేసుకుంది కాబట్టి ఆమె నుంచి ఇంకొకరికి అంటుకునే భయం తగ్గిందని డాక్టరు చెప్పాడు, మీరు దూరం పెట్టడం వల్ల ఇప్పుడు మాత్రలు మానేసింది, భయం ఉంటే ఇప్పుడే ఉంది. ఇవన్నీ చెప్పాను. ఒకామె నువ్వు చెబితే మేము నమ్మాలా అంది. న్యాయమైన మాటే.

నమ్మొద్దు, డాక్టరునే ఇక్కడికి పిలుస్తాను, ఆయన్నే అడగండి అన్నాను. అప్పుడు వరుస చివర కూర్చున్న రాజవ్వ నోరు విప్పింది. అందరికన్నా పెద్దది, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టడం ఆ ఊరి ఆడవాళ్ళల్లో చాలామందికి నేర్పింది ఆమే.

"గీడ దగ్గు లేనిది ఎవ్వలకు?" అంది. "తంబాకు దుబ్బకు నేను ఏండ్లసంది దగ్గుతున్న. గది తంబాకు దగ్గో, భాగ్య దగ్గో ఎవ్వలమన్న చూపిచ్చుకున్నమా?"

ఆ మాటతో ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మూడు రోజులు డాక్టరు వెంటపడి ఒప్పించాను. ఆయన సిబ్బంది కార్ఖానా పక్క బడికి వచ్చి పరీక్షలకు తెమడ తీసుకుపోయారు. సగం మంది రాలేదు. రాజవ్వ అందరికన్నా ముందు వచ్చింది. ఫలితాలొచ్చాక ఆశా వర్కరు ఆమెను ఇంటి వెనక్కి తీసుకుపోయి మెల్లగా చెప్పింది. రాజవ్వకు టీబీ ఉంది.

ఆ సాయంత్రం నేను ఎప్పటిలాగే భాగ్య వాకిట్లో కూర్చుని ఉన్నాను. రాజవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని, వాడలో అందరూ చూస్తుండగా నడుచుకుంటూ వచ్చింది. నన్ను చూడనైనా చూడలేదు. తలుపు కొట్టి, గడపకు ఇవతలే నిలబడింది.

"భాగ్యా, నాక్కూడ గదే అచ్చింది" అంది. "మాత్రలు ఇన్ని ఇచ్చిండ్రు. ఏది ఎప్పుడేసుకోవాల్నో నాకు సమజైతలేదు. నువ్వు చెప్పు బిడ్డా."

గడియ తీసిన చప్పుడైంది. ఇన్ని రోజుల తర్వాత ఆ తలుపు తెరుచుకుంది, నాకు కాదు. భాగ్య బయటికి వచ్చి, రాజవ్వ చేతిలోని మాత్రల అట్ట తీసుకుని, వెలుతురులో పట్టుకుని చూసింది. రేపు పొద్దున దవాఖానకు పోదాం, నేను వస్తానంది. నేను తల వంచుకుని ఏడ్చాను. ఎవరూ పట్టించుకోలేదు, అదీ మంచిదే అయింది.

మరునాడు ఇద్దరూ కార్ఖానా ముందు నుంచే దవాఖానకు నడిచి పోయారు. డాక్టరు భాగ్యకు మళ్ళీ పరీక్షలు చేసి, ఎన్నాళ్ళు వేసుకోవాలో కొత్తగా చెప్పి మాత్రలు మొదలుపెట్టించాడు. మొదట్లో కొన్ని వారాలు ఇద్దరూ ఇంట్లోనే ఉండాలన్నాడు. టేకేదారు రాజవ్వకూ ఆకు బంద్ చేయబోతే, ఆమె దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్ళు అట్లయితే మాకూ వద్దని గంపలెత్తారు. అన్ని గంపలు ఒక్కసారి లేస్తే ఏ టేకేదారైనా ఏం చేస్తాడు? డాక్టరు సరేనన్నాక ఇద్దరూ మళ్ళీ కార్ఖానాకు పోయారు. ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. మొదటి రోజు వాళ్ళ అవతల ఖాళీ ఉందట, వారం తిరిగేసరికి లేదట.

ఆ తర్వాత

నేను కోరుట్ల పోయేసరికి మామిడి చాలావరకు రాలిపోయింది. వకీలు గారు నన్ను ఏమీ అనలేదు. ఇకనుంచి ఫొటోలు ఉండవని చెప్పాను, ముఖమే కాదు, చెయ్యి, వాకిలి, సంచి కూడా. చెట్టు ఇచ్చినవాళ్ళకు పండు ఎవరింటికి పోయిందో చెప్పేది లేదు. అట్లయితే జనం ఇవ్వరన్నారాయన. కొందరు నిజంగానే మానేశారు. ఫొటో లేనిదే పండు లేదన్న ఇంట్లో పండ్లు రాలిపోతుంటే చూస్తూ ఊరుకున్నాం. రాలితే రాలనీ. ఈ విషయంలో మీరు మెత్తబడొద్దు. ఎవరు అడిగినా, ఎంత మంచివాడు అడిగినా. నన్ను అడిగినవాడూ మంచివాడే.

ఆ మంచివాడికే చెప్పడానికి నాకు అన్నిటికన్నా కష్టమైంది. గంగాధర్ అంతా విని, ఇక నాకేమీ చూపించొద్దక్కా, తిన్నారంటే చాలు అన్నాడు. లత ఆ వారం మూడు పెట్టెలిచ్చింది.

ఆ సపోటాలు రాజవ్వకిచ్చేదాన్ని. ఆమె సగం తీసి భాగ్యకు పంపేది. అవి ఎక్కడి నుంచి వచ్చాయో భాగ్యకు తెలుసు, తినేది. నాతో మాత్రం మాట్లాడేది కాదు. ఎదురుపడితే తల పక్కకు తిప్పుకునేది. నేనూ పలకరించలేదు. క్షమించమని మళ్ళీ మళ్ళీ అడగడం ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టడమే అనిపించింది.

మాత్రలు పూర్తయిన రోజు దవాఖాన దగ్గర కలిసింది. డాక్టరు ఇక రానక్కర్లేదని చెప్పినట్టున్నాడు, చీటీ చేతిలో పట్టుకుని మెట్లు దిగుతోంది. ఒళ్ళు చేసింది, రంగు తేలింది. నన్ను చూసి ఈసారి తల తిప్పుకోలేదు. దగ్గరికి వచ్చి నిలబడింది. ఏమంటుందోనని నేను గుడ్లప్పగించి చూస్తున్నాను.

"మా ఇంటికి మల్ల రాకు అక్కా" అంది. "నేను మంచిగున్న."

తిట్టు కాదది, దీవెన కూడా కాదు. ఉన్న మాట చెప్పింది. సరే బిడ్డా అన్నాను. ఆమె బస్టాండు దిక్కు నడిచి పోయింది.

ఉద్యోగంలో ఉన్నన్ని రోజులు ప్రతి గురువారం ఆ వాడ నుంచే రాజవ్వ ఇంటికి పోయాను. వాకిట్లో భాగ్య చాట ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళతో ముచ్చట పెడుతూ బీడీలు చుడుతుండేది. ఒక్క నిమిషం ఆగి, ఎట్లున్నవు అని అడగాలని ప్రతిసారీ అనిపించింది. ఆగలేదు.